మూత ఎప్పుడు తీయాలి: ఇంటి గ్రీన్‌హౌస్‌లో పూలనారు పెంచిన నా అనుభవం

పెటూనియా గింజలు చల్లిన పన్నెండో రోజు సాయంత్రం ట్రేలో ఒక మూల అరచెయ్యంత మేర మొలకలు పడుకుని ఉన్నాయి. నీళ్ళు చాలక వాలిపోయాయేమో అనుకుని కాసిని చిలకరించి, మళ్ళీ ప్లాస్టిక్ మూత పెట్టేసి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఆ జాగా రెండింతలైంది. ఒక మొలకని పట్టకారుతో తీసి భూతద్దం కింద పెట్టి చూశాను. ఆకులు పచ్చగానే ఉన్నాయి, వేరు తెల్లగానే ఉంది, కానీ సరిగ్గా మట్టిని తాకే చోట కాడ దారంలా సన్నబడి, నీళ్ళలో నానినట్టు గోధుమరంగులోకి తిరిగింది. అక్కడే మెత్తబడి ఒరిగిపోతోంది. నారుకుళ్ళు. రెండు వందల గింజలు చల్లితే నూట నలభై దాకా మొలిచాయి, వారం తిరిగేసరికి మిగిలినవి ముప్ఫై ఒకటి.

ఇది నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు నారు పోయడమంటే గింజలు చల్లి నీళ్ళు పట్టడమే. ఆ తర్వాత నుంచి ప్రతి ఏడాదీ ఇంటి వెనక ఉన్న ఆ చిన్న గ్రీన్‌హౌస్‌లోనే మూడు వందల దాకా పూలమొక్కలు తయారు చేస్తున్నాను, సగానికి పైగా గింజల నుంచి, మిగతావి కొమ్మల నుంచి. బతికిన వాటితో పాటు పోయిన వాటి లెక్క కూడా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఆ పుస్తకం తిరగేస్తే పురుగు తిని పోయినవి తక్కువ, ఎరువు చాలక పోయినవి ఇంకా తక్కువ. ఎక్కువ భాగం నేను ఏదో ఒకదాన్ని అవసరానికి మించి ఒకటి రెండు రోజులు మూసి ఉంచడం వల్ల పోయినవే. ట్రే మీద మూత కావచ్చు, గ్రీన్‌హౌస్ కిటికీ కావచ్చు, కొమ్మల డబ్బా కావచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఆ ముప్ఫై ఒక్క మొక్కల ఏడాది రాకూడదని ఇదంతా రాస్తున్నాను.

అసలు ఇన్ని మొక్కలు ఎందుకంటే, పూలమడి నిండుగా కనపడాలంటే మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువ మొక్కలు పడతాయి. పెటూనియా అయితే పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో నాటాలి, అంటే చదరపు మీటరుకి పన్నెండు నుంచి పదహారు. మాకు ఉన్నది ఇరవై చదరపు మీటర్ల మడి. అన్నీ కొనుక్కురావడం కుదరని పని, పైగా కొన్న మొక్కల్లో మనకి కావలసిన రంగు మనకి కావలసినన్ని దొరకవు.

గ్రీన్‌హౌస్ పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. ఒకవైపు ఇంటి గోడ, మిగతా మూడు వైపులా ఇనప పైపుల చట్రం, దాని మీద ఎండకి చివికిపోకుండా ఉండే 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు. తలుపు ఒకటి పెట్టించాను కానీ పైన గాలి పోయే దారి పెట్టించలేదు. చలికి నారు ఎదగదన్న భయమే తప్ప వేడి సంగతి నాకు తట్టనే లేదు. ఒకరోజు మబ్బుగా ఉందని తలుపు వేసి బయటికి వెళ్ళాను. పదకొండింటికల్లా మబ్బు విడిపోయిందట. ఒంటిగంటకి వచ్చి తలుపు తీస్తే ముఖం మీద ఆవిరి కొట్టినట్టయింది. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి లోపల వేలాడదీశాను, దాంట్లో 47 డిగ్రీలు. బయట 28. సాల్వియా నారు మీద ఎవరో వేడినీళ్ళు గుమ్మరించినట్టుంది, బంతి మాత్రం సాయంత్రానికి తలెత్తింది.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నది ఒకటి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది తెలిశాకే నాకు కిటికీ విలువ అర్థమైంది. గాజు లోపలికి వచ్చిన వేడిని తిరిగి బయటికి పోనివ్వదు, అందుకే లోపల వెచ్చగా ఉంటుంది అని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. 1909లో ఆర్. డబ్ల్యూ. వుడ్ అనే భౌతిక శాస్త్రవేత్త రెండు పెట్టెలు తీసుకుని ఒకదానికి గాజు పలక, రెండోదానికి వేడి కిరణాలని అడ్డుకోని రాతి ఉప్పు పలక మూతగా పెట్టి ఎండలో ఉంచితే రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అంటే ముఖ్యమైన కారణం లోపల వేడెక్కిన గాలి పైకి లేచి వెళ్ళిపోవడానికి దారి లేకపోవడమే. దారి ఇస్తే వేడి పోతుంది, అంతే. నేల వైశాల్యంలో ఐదో వంతు మేర పైకప్పులో తెరుచుకునే కిటికీలు ఉండాలంటారు. మాది 80 చదరపు అడుగులు కాబట్టి 16 చదరపు అడుగులకి సరిపడా రెండు తలుపు రెక్కలు గోడ పక్కన, అన్నిటికంటే ఎత్తున ఉన్నచోట పెట్టించాను. మూడో ఏడాది వాటికి మైనం గొట్టాలు బిగించాను. గొట్టంలో మైనం వేడికి వ్యాకోచించి కడ్డీని నెడుతుంది, కిటికీ దానంతట అదే లేస్తుంది. చల్లబడితే దిగుతుంది. కరెంటు అక్కర్లేదు. గ్రీన్‌హౌస్ కట్టుకునేవాళ్ళు ఇంకేదైనా తర్వాత కొనుక్కోవచ్చు గానీ, పైకప్పు కిటికీలు మాత్రం మొదటిరోజే పెట్టుకోండి.

ఇక మట్టి సంగతి. మట్టి అంటున్నాను గానీ గింజల ట్రేలో మట్టి వాడకూడదు. నేను వాడేది కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొడి, రెండు వంతులు, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి రాతి గుళికలు ఒక వంతు. గింజలు మొలిచేదాకా ఎరువు అక్కర్లేదు, గింజలోనే తిండి ఉంటుంది. మొదటి ఏడాది వర్మీకంపోస్ట్ సగానికి సగం కలిపాను, అది నీళ్ళు పట్టి ఉంచింది, బూజుకి మంచి ఆధారమైంది. ఇప్పుడు దాన్ని మొలకలు వేరే కుండీలకి మార్చేటప్పుడు మాత్రమే, జల్లించి, నాలుగో వంతు కలుపుతాను. కోకోపీట్‌ని ఊరికే నానబెట్టి వాడేయకండి. దాంట్లో సోడియం, పొటాషియం ఎక్కువగా ఉంటాయి, అవి పట్టుకుని ఉన్న చోటికి కాల్షియం వెళ్ళి కూర్చుంటుంది, మొక్కకి కాల్షియం అందదు. మంచినీళ్ళతో మూడుసార్లు కడిగి పిండి, కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి మళ్ళీ కడిగి వాడితే మొలకల కొత్త ఆకులు ముడుచుకుపోవడం ఆగిపోయింది.

గింజలు చల్లడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. బంతి గింజ చేత్తో పట్టుకోవచ్చు, గ్రాముకి మూడు వందల దాకా ఉంటాయి. పెటూనియా గ్రాముకి పదివేల దాకా. బిగోనియా అయితే ఇంకా సన్నం, పొట్లం విప్పితే అడుగున కాస్త గోధుమరంగు దుమ్ము ఉన్నట్టుంటుంది, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. ఇలాంటివి చల్లేటప్పుడు ఒక తెల్ల కాగితాన్ని మధ్యకి మడిచి, గింజలకి రెండు చెంచాల పొడి సన్న ఇసుక కలిపి, ఆ మడతలో పోసి, కాగితం అంచుని వేలితో మెల్లగా తడుతూ ట్రే మీద నడిపిస్తాను. ఇసుక తెల్లగా కనపడుతుంది కాబట్టి ఎక్కడ పడిందో ఎక్కడ పడలేదో తెలుస్తుంది. పెటూనియా, బిగోనియా, కోలియస్, ఇంపేషన్స్ వీటికి వెలుతురు తగిలితేనే మొలక బాగా వస్తుంది, పైన ఏమీ కప్పకూడదు. బిళ్ళగన్నేరు, వెర్బీనా దీనికి పూర్తిగా వ్యతిరేకం, వాటికి చీకటి కావాలి. బిళ్ళగన్నేరు ట్రే మీద సగం సెంటీమీటరు కోకోపీట్ కప్పి, పైన నల్ల ప్లాస్టిక్ పరిచి, 25 డిగ్రీలు తగ్గకుండా చూసుకుంటే వారం పది రోజుల్లో వస్తుంది. మొదటిసారి వెలుతురులో పెట్టి, చల్లగా ఉన్నచోట పెట్టి, రోజూ తడిపి, ఒక్కటి కూడా మొలవలేదని పొట్లం మంచిది కాదనుకున్నాను. పొట్లం తప్పేం లేదు, మిగిలిన గింజలే మరుసటి ఏడాది చక్కగా మొలిచాయి.

బంతికి ఇవేవీ అక్కర్లేదు, అర సెంటీమీటరు లోతున వేస్తే నాలుగైదు రోజుల్లో లేస్తుంది. నారు ఎప్పుడూ పోయనివాళ్ళు బంతితో మొదలుపెట్టండి, ధైర్యం వస్తుంది.

ఎప్పుడు చల్లాలో మడిలో నాటే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. బంతికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పెటూనియాకి పది పన్నెండు, బిగోనియాకి పద్నాలుగు పదహారు. అన్నీ ఒకేరోజు చల్లేస్తే బంతి ట్రేలోనే పూలు పూసి ముదిరిపోతుంది, బిగోనియా ఇంకా గోరంత ఉంటుంది. నేను ఆ పని కూడా చేశాను.

మళ్ళీ నారుకుళ్ళు దగ్గరికి వస్తాను. ఇది ఒక్క బూజు పని కాదు, పిథియం, రైజోక్టోనియా లాంటి రెండు మూడు రకాలు మట్టిలో, నీళ్ళలో, కడగని ట్రేలలో ఎప్పుడూ ఉంటాయి. మొలక కాడ లేతగా ఉండి, గాలి ఆడక, పైన తేమ నిలిచిపోతే అవి పట్టుకుంటాయి. పట్టుకున్నాక మందు కొట్టి ఆ మొలకని బతికించలేం. ఆ జాగాని చుట్టూ రెండు వేళ్ళ మేర మట్టితో సహా చెంచాతో తీసి పారేయడమే. నేను చేసిన తప్పు ఏమిటంటే, గింజలు మొలవడానికి మూత కావాలి కదా అని, మొలిచాక కూడా అవి లేతగా ఉన్నాయి కదా పాపం అని, ఇంకో నాలుగు రోజులు అలాగే ఉంచాను. గింజకి మూత కావాలి. మొలకకి అక్కర్లేదు. ఇప్పుడు ట్రేలో సగం గింజలు పగిలి పచ్చటి చుక్కలు కనపడిన రోజునే మూత ఒకవైపు పుల్ల పెట్టి ఎత్తుతాను, మరునాడు సగం జరుపుతాను, మూడో రోజు తీసేస్తాను. ఇంకా మొలవాల్సినవి కొన్ని ఎండిపోతాయి, నిజమే. ఆ పదో పదిహేనో పోతే పోనీ, మొలిచిన వందా దక్కుతాయి.

మూతతో పాటు ఇంకో మూడు మార్చాను. నీళ్ళు పైనుంచి పోయడం మానేసి, ట్రేని వెడల్పు పళ్ళెంలో అరగంట ఉంచుతాను, కిందనుంచి పీల్చుకుని పైభాగం రంగు మారగానే తీసేస్తాను. పాత ట్రేలని బ్లీచ్ ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి అరగంట నానబెట్టి కడుగుతాను. ఒక చిన్న ఫ్యాన్ గాలి మొలకల మీదుగా పోయేలా పగలంతా తిరుగుతూ ఉంటుంది, నేరుగా కాదు, ఆకులు అల్లల్లాడేంత. ఆ ఏడాది నుంచి నారుకుళ్ళు పూర్తిగా పోయిందని చెప్పను గానీ, ట్రేకి నాలుగైదు మొలకలు మించి పోలేదు.

ఫ్యాన్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. గాలికి కదిలే మొలక కాడ పొట్టిగా, లావుగా తయారవుతుంది. చేత్తో నిమిరినా అంతే. రోజూ పొద్దున ఆకుల మీద తడి ఆరాక అరచేతిని మొలకల తలల మీదుగా పిల్లి వీపు నిమిరినంత మెత్తగా పదిసార్లు అటూ ఇటూ పోనిస్తాను. బంతి మొలకలైతే అప్పుడే వాటి వాసన చేతికి అంటుకుంటుంది. మొదట్లో ఇది ఉత్త నమ్మకమేమో అనుకున్నాను, ఒక ట్రేని నిమిరి ఒక ట్రేని వదిలేసి చూశాను, మూడు వారాలకి తేడా కంటికి కనపడింది. వెలుతురు చాలకపోతే మాత్రం ఎంత నిమిరినా లాభం లేదు. కింది అరలో పెట్టిన ట్రేలు తెల్లటి సన్న కాడలతో పైకి సాగిపోయాయి, వాటికి ఒక బారు లైటు మొలకల తలలకి జానెడు ఎత్తులో కట్టి రోజుకి పద్నాలుగు గంటలు వెలిగిస్తే ఆ బాధ తప్పింది.

రెండు అసలు ఆకులు వచ్చాక మొలకల్ని విడిగా చిన్న గుంటల ట్రేలలోకి మార్చాలి. మొదట వచ్చే రెండు గుండ్రటి ఆకులు లెక్కలోకి రావు, అవి గింజలోవి, వాటి మధ్యనుంచి వచ్చేవే అసలు ఆకులు. మార్చేటప్పుడు ఎప్పుడూ ఆకు పట్టుకోండి, కాడ పట్టుకోకండి. ఆకు నలిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. పుల్లతో కిందనుంచి వేళ్ళని లేపి, ఆకు పట్టి ఎత్తి, గింజాకుల దాకా లోతుగా దించుతాను. రెండు రోజులు నీడలో ఉంచితే చాలు.

రెండో ఏడాది పెటూనియాలు ఈ దశ దాటి బాగున్నాయి అనుకునేలోపు కొత్త ఆకులు పసుపుపచ్చగా మారాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వల అల్లినట్టు. ఎరువు తక్కువైందని నత్రజని ఇచ్చాను, ఇంకా పాలిపోయాయి. బాగా టెన్షన్ పడ్డాను ఆ వారం. తర్వాత అర్థమైంది, నత్రజని తక్కువైతే కింద ముదురాకులు ముందు పసుపెక్కుతాయి, పైన లేతాకులు ఈనెల మధ్య పసుపెక్కితే అది ఇనుము అందకపోవడం. మా బోరు నీళ్ళు గట్టి నీళ్ళు, రోజూ అవే పట్టడం వల్ల కోకోపీట్‌లో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగిపోయింది, ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. పెటూనియా ఈ విషయంలో మరీ సున్నితం, 5.5 నుంచి 6 మధ్య ఉంటే దానికి హాయి. నీళ్ళలో చిటికెడు సిట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ కాగితంతో చూసుకుని పోయడం, ఒకసారి చీలేటెడ్ ఐరన్, అంటే వేరు సులువుగా తీసుకోగల రూపంలో ఉన్న ఇనుము, ఇవ్వడం, ఈ రెండింటితో పది రోజుల్లో కొత్త చిగుళ్ళు పచ్చబడ్డాయి. పాలిపోయిన పాత ఆకులు పూర్తిగా కోలుకోలేదు, అవి అలాగే ఉండిపోయాయి.

దీనికి ముందో వెనకో చిన్న నల్ల ఈగలు కూడా వచ్చాయి, ట్రే కదిపితే లేచేవి. వాటి పిల్లపురుగులు తడి కోకోపీట్‌లో ఉండి లేత వేళ్ళు కొరుకుతాయి. పసుపు జిగురు అట్టలు పెట్టి, పైపొర ఆరేదాకా నీళ్ళు ఆపితే తగ్గిపోయాయి.

ఇక కొమ్మల సంగతి, నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఇదే. గింజల నుంచి వచ్చిన ఒక కోలియస్ మొక్క, ముదురు ఎరుపు మీద అంచున సన్నటి లేతాకుపచ్చ గీత, అలాంటిది మళ్ళీ రాలేదు. దాని గింజలు దాచి చల్లితే అన్ని రంగులూ వచ్చాయి, ఆ రంగు తప్ప. హైబ్రిడ్ పెటూనియాలు కూడా అంతే, దాచిన గింజల్లో తల్లి పోలిక నిలవదు. నచ్చిన మొక్క అచ్చంగా అదే కావాలంటే కొమ్మ కట్ చేసి వేళ్ళు రప్పించుకోవాల్సిందే. (కొన్ని కొత్త రకాల మీద వాటిని తయారు చేసినవాళ్ళకి హక్కులు ఉంటాయి, అమ్మకానికి పెంచేవాళ్ళు చీటీ మీద చూసుకోవాలి.)

పద్ధతి చెప్పడానికి సులువే. పొద్దున్నే, మొక్క నిండా నీళ్ళు ఉన్నప్పుడు, పువ్వు లేని కొసల్ని మూడు నాలుగు అంగుళాలు, కణుపుకి కొంచెం కింద కోయాలి. కింది ఆకులు తీసేయాలి, మొగ్గ ఉంటే గిల్లేయాలి, లేకపోతే ఉన్న బలమంతా దానికే పోతుంది. కోసిన కొసని ఐబీఏ అనే వేళ్ళు రప్పించే హార్మోన్ పొడిలో అంటీ అంటనట్టు అద్ది, ఎక్కువైంది దులిపేసి, ముందే పుల్లతో చేసిన రంధ్రంలో గుచ్చాలి. ఇలాంటి లేత కొమ్మలకి వెయ్యి పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) పొడి చాలు. కోలియస్‌కి అది కూడా అక్కర్లేదు. అది నీళ్ళ గ్లాసులో పెట్టినా వారం పది రోజుల్లో వేళ్ళు వేస్తుంది, కానీ నీళ్ళలో వచ్చిన వేళ్ళు పెళుసుగా ఉంటాయి, మట్టిలోకి మార్చాక మొక్క కొన్నాళ్ళు అలా నిలబడిపోతుంది, అందుకే నేను నేరుగా కోకోపీట్, పెర్లైట్ చెరిసగంలోనే గుచ్చుతాను.

వేళ్ళు లేని కొమ్మ నీళ్ళు పీల్చుకోలేదు, ఆకుల నుంచి మాత్రం నీళ్ళు పోతూనే ఉంటాయి. అందుకే మూత ఉన్న పారదర్శక డబ్బా. ఈ మూసిన గాజు పెట్టె సంగతి కనిపెట్టిన కథ నాకు భలే ఇష్టం. 1829లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు ఒక చిమ్మట గూడుని తడి మట్టి ఉన్న సీసాలో పెట్టి మూత వేశాడు, పురుగు కోసం చూస్తుంటే ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్క, కాస్త గడ్డి లేచాయి. బయట పొగ గాలికి బతకని ఫెర్న్ సీసాలో హాయిగా బతికింది. ఆ తర్వాత అలాంటి గాజు పెట్టెల్లోనే మొక్కలు ఓడలెక్కి ఖండాలు దాటాయి. నా డబ్బాలో పొద్దునపూట మూత లోపలివైపు నీటి బిందువులు పట్టి, బరువెక్కి, జారి మళ్ళీ కోకోపీట్‌లో పడుతుంటే ఆ సీసానే గుర్తొస్తుంది.

ఆ కోలియస్ కొమ్మలు మొదటిసారి పెట్టినప్పుడు నాకు ఆత్రం ఆగలేదు. రోజూ మూత తీసి ఒకటి పీకి చూడటం, మళ్ళీ గుచ్చడం. మా పక్కింటి పెద్దావిడ, ఎన్నో ఏళ్ళుగా మొక్కలు పెంచుతున్న మనిషి, ఒకరోజు గోడ మీంచి చూసి అడిగారు.

"ఏంటమ్మా అలా పీకుతున్నావు?"

"వారమైందండీ పిన్నిగారూ, వేళ్ళు వచ్చాయో లేదో అని."

"పీకి చూసినప్పుడల్లా ఉన్నది కాస్తా తెంపుతున్నావు. కొసన కొత్త చిగురు వేస్తే కింద వేరు పడిందనే లెక్క. అప్పటిదాకా మూత జోలికి పోకు. చిగురు వేశాక మాత్రం ఒక్కరోజు కూడా ఉంచకు."

ఆవిడ చెప్పిన రెండో మాట నేను సరిగా వినలేదు. చిగుళ్ళు వచ్చాయి, ముచ్చటగా ఉన్నాయి, బయటికి తీస్తే వాడిపోతాయేమోనని ఇంకో వారం డబ్బాలోనే ఉంచాను. పన్నెండు కొమ్మల్లో ఐదింటికి ఆకుల మీద బూడిదరంగు బూజు దిగింది. ఇప్పుడు చిగురు కనపడగానే వేళ్ళతో కొద్దిగా పైకి లాగి చూస్తాను, పీకను, లాగితే కోకోపీట్ పట్టి ఆపినట్టు అనిపిస్తే చాలు. ఆరోజు మూత గంట తీస్తాను, మరునాడు రెండు మూడు గంటలు, ఇలా అయిదారు రోజుల్లో పూర్తిగా. డబ్బా అడుగున 22, 23 డిగ్రీల వెచ్చదనం ఉండేలా చూసుకుంటే ఇంపేషన్స్, వెర్బీనా, కొమ్మ పెటూనియా అన్నీ రెండు మూడు వారాల్లో దారికి వస్తాయి.

జెరేనియంకి ఈ డబ్బా లెక్క పనికిరాదు. దాని కాడ నీటితో నిండి ఉంటుంది, మూత పెడితే నల్లగా కుళ్ళిపోతుంది. మొదటి ఎనిమిదీ అలాగే పోయాయి. కోశాక మూడు నాలుగు గంటలు నీడలో ఆరబెట్టి, కోసినచోట పొర కట్టాక, మూత లేకుండా, కోకోపీట్ తడి మరీ ఎక్కువ కాకుండా ఉంచితే మూడు వారాలకి బ్రహ్మాండంగా వేళ్ళేసింది.

కత్తి శుభ్రం విషయంలో మాత్రం బద్ధకించవద్దు. ఒక్కో తల్లి మొక్క మారేటప్పుడు ట్రేలకి వాడే బ్లీచ్ నీళ్ళలోనే ముంచి తుడుస్తాను. పొగాకు మొజాయిక్ వైరస్ అనేది, 1890ల్లో వైరస్ అనే దాన్ని మొట్టమొదట గుర్తించింది ఈ జబ్బులోనే, పెటూనియాకి కూడా వస్తుంది, కత్తి మీదా చేతుల మీదా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పోతుంది. పొగ తాగేవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోకుండా కొమ్మలు ముట్టుకోకూడదని అందుకే అంటారు. ఆకుల మీద లేత, ముదురు మచ్చలతో ముడుచుకున్న మొక్క కనపడితే దాని కొమ్మ తీయకండి, ఎంత మంచి రంగైనా సరే.

చివరి మూత గ్రీన్‌హౌస్ మొత్తం. లోపల పెరిగిన మొక్కకి గాలి దెబ్బ తెలియదు, యూవీ కిరణాలు నేరుగా తెలియవు, ఆకు పైపొర పలచగా ఉంటుంది. రెండో ఏడాది ఒక ఆదివారం ఖాళీ దొరికిందని ఎనభై పెటూనియాలని తెచ్చి నేరుగా మడిలో నాటేశాను. రెండో రోజుకి ఆకులు అక్కడక్కడ తెల్లబడి కాగితంలా పెళుసెక్కాయి. చాలావరకు చచ్చిపోలేదు, కానీ మూడు వారాలు కదలకుండా కూర్చున్నాయి. ఇప్పుడు నాటడానికి పది రోజుల ముందు నుంచి ట్రేలని బయట నీడలో గంట, తర్వాత రెండు గంటలు, తర్వాత పొద్దుటి ఎండ, అలా పెంచుకుంటూ పోయి చివరి రెండు రోజులు రాత్రి కూడా బయటే ఉంచుతాను. నీళ్ళు కాస్త తగ్గిస్తాను. ఆకు ముదురుపచ్చగా తిరిగి, ముట్టుకుంటే కొంచెం గట్టిగా అనిపిస్తుంది, అదే గుర్తు. నాటేది ఎప్పుడూ సాయంత్రమే, నాటేటప్పుడు నాలుగు జతల ఆకుల పైన కొస గిల్లేస్తాను, అప్పుడు పక్కకొమ్మలు వేసి గుబురుగా వస్తుంది. పూలు పది రోజులు ఆలస్యమవుతాయి, అయినా నేను ప్రతి మొక్కనీ గిల్లుతాను.

ఈ ఏడాది లెక్క: గింజల నుంచి రెండు వందల పదకొండు, కొమ్మల నుంచి తొంభై నాలుగు. నిన్న సాయంత్రం మడిలో చివరి వరస పెట్టాను, ఎర్రకోలియస్ అంచుకి, లోపల తెల్ల పెటూనియాలు. ఇంకా మొగ్గ పట్టలేదు. గిల్లిన కొసల్లో బాగున్నవి పద్దెనిమిది ఏరి, కింది ఆకులు తీసి, పొడి అద్ది డబ్బాలో గుచ్చి మూత పెట్టాను. పొద్దున చూస్తే మూత లోపలంతా చెమట పట్టింది, మూడు కొమ్మలు కొంచెం వాలి ఉన్నాయి, మిగతావి నిటారుగా ఉన్నాయి. ఇంకో పది రోజులు దాన్ని కదిలించను.